బహుమతి ఆశ చూపితే పిల్లల ఇష్టం తగ్గుతుందా?

"బొమ్మ గీస్తే చాక్లెట్ అని అలవాటు చేశాం. ఇప్పుడు ఊరికే గీయమంటే మా పాప పెన్సిలే ముట్టుకోవడం లేదు, ఎందుకని?" అని ఒకరు అడిగారు.

పాప తప్పేమీ లేదండి. ఇష్టం కొద్దీ చేస్తే అంతర్గత ప్రేరణ. మార్కులకో చాక్లెట్‌కో చేస్తే బాహ్య ప్రేరణ. రెండోది ఒక్కోసారి మొదటిదాన్ని మింగేస్తుంది.

లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగం దీని మీదే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వర్సిటీ నర్సరీ బడిలో స్కెచ్ పెన్నులతో ఇష్టంగా గీసే పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ముందే చూపించి, గీస్తే ఇస్తామన్నారు. కొందరికి ముందు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక అవే పెన్నులు తరగతిలో పెడితే, ముందే ఆశపెట్టిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆసక్తి తగ్గలేదు. చిక్కంతా "గీస్తే ఇస్తా" అనే బేరంలోనే ఉంది.

ఎక్కాల్లాంటి, మొదట్నుంచీ ఇష్టంలేని పనికైతే చిన్న బహుమతి పెట్టొచ్చు. మీ పాప విషయంలో నేనైతే కొన్నాళ్లు చాక్లెట్ మాటే ఎత్తను. పక్కన కూర్చుని, "ఈ కాకికి మూడు కాళ్లెందుకమ్మా?" అని అడుగుతాను.