నాలుగు వేలు ఎక్కువా, మంచి వార్డా?

ప్రశ్న: మాది నెల్లూరు. అంబత్తూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది, చెన్నైలోనే రెండు ఉద్యోగాలు వచ్చాయి. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రిలో నెలకు నాలుగు వేలు ఎక్కువ, కానీ రెండేళ్ల బాండు. రెండోది ట్రస్టు ఆస్పత్రి. పెద్దదాంట్లో సీనియర్లు అందరి ముందే తిడతారట, పొరపాటు చెప్పుకుంటే మెమో ఇస్తారట. అందుకని ట్రస్టు ఆస్పత్రికే వెళ్తానంటోంది. తిట్లు లేని ఉద్యోగం ఎక్కడుంది? దీనికోసం జీతం వదులుకోవాలా?

జవాబు: అమ్మాయిది సుకుమారం అని మీరనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆఫీసులో మేనేజరు కసిరితే ఆ పూటకి మనసు పాడవుతుంది, అంతే. వార్డులో కసిరితే దెబ్బ పేషంటుకు తగులుతుంది.

రాత్రి రెండింటికి, డాక్టరు రాసిన మోతాదు ఎక్కువేమోనని అనుమానం వస్తుంది. ఫోన్ చేస్తే "నాకే నేర్పుతావా?" అంటాడని తెలిసిన నర్సు చార్టు ఇంకోసారి చూసుకుని మందు ఇచ్చేస్తుంది. ఇజ్రాయెల్‌లో పసికందుల ఐసీయూ సిబ్బందితో నమూనా కేసుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. బయటి నిపుణుడొకరు కాస్త చులకనగా మాట్లాడినందుకే వాళ్లు జబ్బు పసిగట్టడంలోనూ చికిత్సలోనూ వెనకబడ్డారు. ఒకరికొకరు విషయం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి మరి.

1990ల్లో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, బాగా పనిచేసే వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ దాచేవాళ్లు లేరు, అదీ సంగతి. "మా దగ్గర తప్పులే జరగవు" అనే ఆస్పత్రిలో మా ఇంట్లోవాళ్లని చేర్చడానికి నేనైతే జంకుతాను.

అలాగని తీయగా మాట్లాడే ఇన్‌చార్జ్ ఉంటే చాలనుకోకండి. పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల లెక్కలు తీసి లిండా ఐకెన్ బృందం 2002లో తేల్చిందేమిటంటే, ఒక్కో నర్సు మీద ఒక్కో పేషంటు పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. మనిషి మంచిదే అయినా చేతులు రెండే కదా. ట్రస్టు ఆస్పత్రి అనగానే దయాధర్మాలు పొంగిపోతాయని కూడా లేదు. తక్కువ మందితో డబుల్ డ్యూటీలు వేయించేవీ ఉంటాయి.

కాబట్టి "తిడతారట" దగ్గర ఆగిపోకుండా రెండు చోట్లా కనుక్కోమనండి. హెచ్‌.ఆర్. వాళ్లకి ఇవేవీ సరిగా తెలియవు. షిఫ్టు మారే వేళ బస్టాపులో నిలబడితే స్టాఫ్ నర్సులే చెబుతారు. నైట్‌లో జనరల్ వార్డులో ఒక్కరికి ఎంతమంది పేషంట్లు? వెంటిలేటర్ మీదున్న పేషంటుకు విడిగా ఒక నర్సు ఉంటుందా? కొత్తగా చేరినవాళ్ల పక్కన మొదటి నెలల్లో సీనియర్ ఉంటుందా? ఈమధ్య ఎవరైనా ఇన్సిడెంట్ రిపోర్ట్, అంటే ఫలానా పొరపాటు జరిగిందని కాగితం, రాసిస్తే ఏమైంది? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబే నాకు ముఖ్యం. "మందుల ట్రాలీలో ఒకేలా కనిపించే సీసాలు వేరుచేశారు" అంటే ఒక రకం, "ఆ అమ్మాయి మానేసింది" అంటే ఇంకో రకం.

మీ అమ్మాయి విషయంలో ఇంకొకటుంది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి వైద్యానికి వచ్చే మనవాళ్లు చాలామంది. తెలుగు తెలిసిన సిస్టర్ ఉందంటే ప్రతి వార్డు నుంచీ పిలుపులే. తర్జుమాకు వెళ్లినప్పుడు తన పేషంట్లను ఎవరు చూస్తారో కూడా అడగమనండి.

బాండు మాటకొస్తే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చదివాకే సంతకం పెట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, అక్కడ వదిలిపెట్టి రావద్దు.

ఇంత కనుక్కున్నాక రెండు ఆస్పత్రులూ ఒకటే అనిపిస్తే మొహమాటం లేకుండా నాలుగు వేలు ఎక్కువిచ్చే చోటే చేరమనండి.