టెక్ సందేహాలు: జయపురం కొండల మీద ఎగరడానికి ఏ కంప్యూటర్ కొనాలి?

ప్రశ్న: రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. కొత్తవలస–కిరండూల్ లైనులో చాలా ఏళ్లు బండి నడిపాను. విమానం నడపాలన్నది చిన్నప్పటి ఆశ. ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రామ్) పెట్టుకుని జయపురం నుంచి విశాఖకు నా చేత్తో వెళ్లాలని ఉంది. అన్నీ కలిపి 80 వేలు పెట్టగలను. విడిభాగాలు కొని బిగించుకోవడం నావల్ల కాదు, రెడీగా ఉన్నదే కావాలి. ఒక షాపులో ‘ఐ7, 16 జీబీ, గ్రాఫిక్ కార్డు’ 38 వేలకే ఇస్తామంటున్నారు. తీసుకోనా? – ఒక పాఠకుడు, రాయగడ

వద్దండి, ఆ 38 వేలు అక్కడ కట్టకండి. ముందు ఆ ‘ఐ7’ పక్కన ఏ నంబరుందో అడగండి. ఐ7 పేరుతో ఇంటెల్ 2008 నుంచీ ప్రాసెసర్లు చేస్తోంది. ఈ ధరకు దొరికే ఐ7 చాలాసార్లు 2600 గానీ 3770 గానీ అయి ఉంటుంది. మొదటిది 2011 నాటిది, రెండోది 2012 నాటిది. ఆఫీసుల్లో వాడి తీసేసిన మదర్‌బోర్డును కొత్త క్యాబినెట్‌లో బిగిస్తారు, అద్దం తలుపూ రంగుల లైట్లూ పెడతారు, జీటీ 730 లాంటి బలం లేని గ్రాఫిక్ కార్డు తగిలిస్తారు. ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి అది చాలు. సిమ్యులేటర్ మాత్రం దాని మీద కదలదు. పైగా విండోస్ 11 ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటిని (2600, 3770 అందులోవే) అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇక మీకు కావలసింది ఏమిటో చూద్దాం. ఘాట్‌లో బరువు లాగలేకపోతే ఇంకో ఇంజిన్ తగిలిస్తారని మీకు నేను చెప్పక్కర్లేదు. సిమ్యులేటర్‌లో ఆ వెసులుబాటు తక్కువ. విమానం గాల్లో ఎలా కదలాలి, మీటర్లు ఏం చూపాలి, చుట్టూ వాతావరణం ఎలా ఉండాలి అన్న లెక్కల్లో పెద్ద భాగం ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ (లెక్కలు చేసే విభాగం) మీదే పడుతుంది. అందుకని పన్నెండు కోర్లు ఉన్నాయన్న మాట కన్నా, ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుంది, దానికి అందుబాటులో క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఎంత ఉంది అన్నవే ముఖ్యం. మీ బడ్జెట్లో ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600 గానీ ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ అడగండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, రెడీమేడ్ డబ్బాల్లో చాలామంది మోసపోయేది దీంతోనే. 5600, 5600జీ, 5500 మూడూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ ఉంటే, మిగతా రెండిట్లో 16 ఎంబీయే. మామూలు పనుల్లో ఆ తేడా కనిపించదు, సిమ్యులేటర్‌లో కనిపిస్తుంది. బిల్లు మీద ఒక్క అక్షరం మారినా ఒప్పుకోకండి.

గ్రాఫిక్ కార్డుకు కనీసం 8 జీబీ సొంత మెమరీ ఉండాలి. ఆర్‌ఎక్స్ 6600 చాలు, ఆర్‌టీఎక్స్ 4060 దొరికితే ఇంకా మంచిది. ఆర్‌టీఎక్స్ 3050 అంటే మాత్రం ఆగి 6 జీబీదా 8 జీబీదా అని అడగండి. పేరు ఒకటే అయినా 6 జీబీది మెమరీలోనే కాదు, కార్డు బలంలోనూ తక్కువ. కాల్పుల ఆటలు ఆడే కుర్రాళ్లకు తెర మీద బొమ్మ మారడం సెకనుకు 60 ఫ్రేములు దాటాలి. మీకు నిలకడగా 30 వస్తే హాయిగా దిగొచ్చు. కాబట్టి షాపువాళ్లు పెద్ద కార్డు అంటగట్టి ప్రాసెసర్ తగ్గిస్తామంటే వినకండి.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. 16 జీబీ ముక్క ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి, ప్రాసెసర్‌కు మెమరీ దారి రెండింతలవుతుంది. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 32 జీబీకి ఇప్పుడు తొందరపడక్కర్లేదు. నాలుగు స్లాట్లున్న బోర్డు అడిగితే తర్వాత కలుపుకోవచ్చు. స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగమైన రకం డిస్క్) చాలు.

ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. రెడీమేడ్ కంప్యూటర్లలో డబ్బు మిగుల్చుకునే చోటు అదే. కొన్నేళ్ల కింద నేను కొన్న డబ్బాలో ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్ పెట్టి ఇచ్చారు. ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు అది కాలిపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. రాసుకున్నవన్నీ పోయాయేమోనని ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువన్న) గుర్తున్న, పేరున్న కంపెనీ 550 వాట్లది తీసుకోండి. యూపీఎస్ 600 వీఏది ఇస్తారు, అది మోసేది దాదాపు 360 వాట్లే. మీకు 1000 వీఏది కావాలి.

కంపెనీ బ్రాండ్ డెస్క్‌టాపా, షాపువాళ్లు బిగించి ఇచ్చేదా? బ్రాండ్ వాటిలో చాలావరకు ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి. రేపు కార్డు మార్చాలంటే చిక్కు. ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉండటం వాటి బలం. అది మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. విశాఖలో గానీ బరంపురంలో గానీ బిగించి ఇచ్చేవాళ్ల దగ్గరైతే ప్రతి భాగానికీ విడి వారంటీ, విడి సీరియల్ నంబరు ఉంటాయి. నేనైతే దీనికే మొగ్గుతాను. విశాఖకైతే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో పొద్దున వెళ్లి దగ్గర కూర్చుని చూసుకుని తెచ్చుకోవచ్చు. వచ్చేటప్పుడు గ్రాఫిక్ కార్డు తీయించి దాని అట్టపెట్టెలో విడిగా పట్టుకోండి. మదర్‌బోర్డు ఉన్న పక్క కిందికి వచ్చేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టండి. బరువైన కార్డు కుదుపులకు స్లాట్ విరిచేస్తుంది.

మీ 80 వేలలో జాయ్‌స్టిక్‌కు (విమానం నడిపే చేతికర్ర) మూడు నాలుగు వేలు, యూపీఎస్‌కు నాలుగైదు వేలు ముందే పక్కన పెట్టండి. కీబోర్డుతో విమానం నడిపితే వారంలో విసుగొస్తుంది. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే మానిటర్ ఇప్పుడే కొనకండి. మీటర్ల అంకెలు కొంచెం మసగ్గా కనిపించినా, మిగిలిన ఎనిమిది వేలు మంచి కార్డుకు పనికొస్తాయి.

ఏ సిమ్యులేటర్ అన్నది మీ ఇంటర్నెట్‌ను బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ నేలను ఉపగ్రహ చిత్రాల నుంచి ఎప్పటికప్పుడు నెట్‌లో తెచ్చుకుంటుంది. నెట్ వేగం 2020 వెర్షన్‌కు 20 ఎంబీపీఎస్, 2024 వెర్షన్‌కు 50 ఉంటే మంచిదని ఆ కంపెనీ లెక్క. ఫైబర్ కనెక్షన్ ఉంటే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి, ముందు 2020తోనే మొదలుపెట్టండి. ఎందుకంటే 2022 అక్టోబరు ఆఖరులో జయపురానికి వచ్చిన తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ విమానం అందులో ఉంది. మ్యాప్ మీద ఏ చోటైనా ఎంచుకుని గాల్లోంచే మొదలుపెట్టొచ్చు. 1,672 మీటర్ల దేవమాలి శిఖరాన్ని ఒక పక్కన ఉంచుకుని, కోరాపుట్ మీదుగా అరకు వైపు దిగుతూ మీరు బండి నడిపిన లైనునే పైనుంచి చూడొచ్చు. మీ ఉత్తరం చదవగానే నాకు మొదట తోచింది ఇదే.

మొబైల్ డేటా ఒక్కటే ఆధారమైతే ఎక్స్-ప్లేన్ 12 నయం. కావలసిన ప్రాంతాల నేల మాత్రమే ఒకసారి దించుకుని తర్వాత నెట్ లేకుండా ఎగరొచ్చు. దానికి ఉచిత డెమో ఉంది. డబ్బు కట్టేముందు షాపులో దాన్ని వేయించి, పావుగంట నడిపి చూడండి. ఫ్యాన్ చప్పుడు, వేడి, తెర కదలిక అప్పుడే తెలిసిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. పైలట్ అవుతానని రోజూ కంప్యూటర్లో విమానం నడుపుతున్నాడు. ఆ గంటలు లైసెన్సుకు పనికొస్తాయా? – ఒక తల్లి, పర్లాకిమిడి

పనికిరావమ్మా. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) అడిగే 200 గంటలు చాలావరకు నిజం విమానంలో ఎగిరినవే. ఇంటి కంప్యూటర్ గంటలు ఆ లెక్కలోకి రావు. అయినా బాబును ఆపకండి. చెక్‌లిస్టు చదవడం, రేడియో మాటలు, మీటర్లు చూస్తూ దారి తప్పకుండా వెళ్లడం ఇక్కడే అలవాటవుతాయి. అయితే కొత్త కంప్యూటర్ కోసం లక్షలు తీసేముందు డీజీసీఏ గుర్తింపున్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించండి. రంగులు గుర్తించే చూపులో లోపముంటే ఫ్లయింగ్ స్కూలుకు ఫీజు కట్టకముందే తెలుస్తుంది.

ప్రశ్న: ఐ3, 8 జీబీ లాప్‌టాప్ ఉంది. కొత్తది కొనే స్తోమత లేదు. ఏదైనా దారి ఉందా? – ఒక విద్యార్థి, గుణుపురం

ఉంది. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం, 1997 నుంచి ప్రపంచంలో ఎందరో స్వచ్ఛందంగా కలిసి తయారు చేస్తున్నది. సెట్టింగులు తగ్గించుకుని సెస్నా 172తో మొదలుపెట్టు. మేఘాలు, చెట్లు అంత అందంగా ఉండవు గానీ గాలివాటానికి విమానాన్ని రన్‌వే మీద నిలబెట్టడం నేర్చుకోవడానికి ఆ లాప్‌టాప్ చాలు. అడుగున గాలి ఆడేలా రెండు పుస్తకాల మీద ఎత్తుగా పెట్టుకో, ఛార్జర్ తగిలించే నడుపు.