రాష్ట్రానికి రాజ్యపాలుడా?

సందేహం: ఈ మధ్య ఒక సభ కరపత్రంలో గవర్నరును 'గౌరవ రాజ్యపాలుడు' అని రాశారు. హిందీలో రాజ్యపాల్ అంటారని తెలుసు. తెలుగులోనూ అలా అనవచ్చా? మహిళ అయితే 'రాజ్యపాలిని' అనాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

సమాధానం: అనకపోవడమే మంచిదమ్మా. హిందీవారి 'రాజ్య' మనకు రాష్ట్రం. వారి 'రాష్ట్ర' మనకు దేశం. దేశాధినేతను 'రాష్ట్రపతి' అంటూ, ఆ పక్కనే 'రాష్ట్ర ముఖ్యమంత్రి' అని రాయవలసి వచ్చే తికమక ఇప్పటికే ఒకటి ఉంది. అది అలవాటైపోయింది కనుక ఏమీ చేయలేం. దానికి తోడు ఇంకొకటి తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

రాష్ట్రం, రాజ్యం రెండూ 'రాజ్' ధాతువు సంతానమే. సంస్కృతంలో రాష్ట్రమంటే రాజు ఏలే నేల అంతా. ధృతరాష్ట్రుడి పేరులో ఉన్నది ఆ అర్థమే. మన నేలకు వచ్చేసరికి ఆ మాట రాజ్యంలో ఒక భాగానికి పేరయింది. గుంటూరు ప్రాంతం కర్మరాష్ట్రం, నెల్లూరు వైపు ముండరాష్ట్రం. ప్రాచీన శాసనాలలో కనిపించే ఈ పేర్లు స్వతంత్ర రాజ్యాలవి కావు, సీమలవి. వేంగి చాళుక్యుల దానశాసనం తెరిస్తే 'రాష్ట్రకూటప్రముఖాన్ కుటుంబినః' అన్న మాటలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఇది చదివి, మాన్యఖేటపు రాష్ట్రకూట చక్రవర్తులకు వేంగిరాజు ఆజ్ఞ ఇస్తున్నాడని పొరపడేవారిని చూశాను. ఇక్కడ రాష్ట్రకూటుడంటే ఆ సీమలో పెద్ద. 'రాష్ట్రకూటులు మొదలైన కాపులందరికీ రాజు ఆజ్ఞాపించేదేమంటే' అని దాని భావం. రట్టగుడి, రట్టడి, రెడ్డి అన్న వరుస ఈ రాష్ట్రకూట శబ్దం నుంచే దిగివచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. కాదనేవారూ ఉన్నారు. నేను మాత్రం అటే మొగ్గుతాను.

ఇంత చరిత్ర ఉన్న మాట కనుకనే 1953 అక్టోబరు 1న మీ కర్నూలు రాజధానిగా ఏర్పడినదాన్ని మనవారు 'ఆంధ్ర రాజ్యం' అనలేదు, 'ఆంధ్ర రాష్ట్రం' అన్నారు. దాని తొలి గవర్నరు చందూలాల్ త్రివేది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి గవర్నరూ ఆయనే. అంతకుముందు హైదరాబాదు రాష్ట్రానికి గవర్నరు లేరు. 1950 నుంచి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 'రాజప్రముఖ్'గా ఉన్నారు. ఏడవ రాజ్యాంగ సవరణతో ఆ పదవీ పోయింది, మాటా మరుగుపడింది. శాసనంలోని 'ప్రముఖ'కు మొదలైనవారు అని అర్థం, రాజప్రముఖ్‌లోని 'ప్రముఖ'కు ముఖ్యుడని అర్థం. రెండింటినీ కలపకూడదు.

ఇక గవర్నరు. లాటిన్ 'గుబెర్నాటర్' నుంచి వచ్చింది, చుక్కాని పట్టేవాడని మూలార్థం. మన కర్ణధారుడు సరిగ్గా అదే. మీ జిల్లా పత్తికొండలో 1827లో కన్నుమూసిన థామస్ మన్రో మద్రాసు గవర్నరు. సీమ జనం ఆయన మీది అభిమానంతో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేర్లు పెట్టుకున్నారు. అన్నాళ్ళుగా మనమధ్య ఉన్న గవర్నరు మాట ఇప్పుడు పరాయిది ఎలా అవుతుంది? చివర ఉకారం చేర్చి 'గవర్నరు' అని రాస్తే చాలు, అచ్చంగా మనదే.

కరపత్రంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది 'గౌరవ' అన్న మాట. గౌరవ సభ్యుడు, గౌరవ సంపాదకుడు అంటే జీతం లేకుండా పనిచేసేవారు. గౌరవించదలిస్తే 'గౌరవనీయ' అనండి, లేదా పేరు చివర 'గారు' చేర్చండి. తెలుగులో అంతకు మించిన మర్యాద ఏముంది?

మహిళల సంగతికి వస్తే, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1947లోనే సంయుక్త రాష్ట్రాలకు (తరువాతి ఉత్తరప్రదేశ్‌కు) గవర్నరు అయ్యారు. తరువాత మనకు శారదా ముఖర్జీ, కుముద్‌బెన్ జోషి, తెలంగాణకు తమిళిసై సౌందరరాజన్ వచ్చారు. తెలుగింటి వి.ఎస్. రమాదేవి హిమాచల్‌ప్రదేశ్‌లోనూ కర్ణాటకలోనూ ఆ పదవి నిర్వహించారు. వీరెవరికీ ప్రత్యేకంగా స్త్రీప్రత్యయం అవసరం కాలేదు. 'గవర్నరు ప్రసంగించారు' అన్నప్పుడు ఆ గౌరవ బహువచనం స్త్రీపురుషులిద్దరికీ సరిపోతుంది.

తెలుగు మాటే కావాలని పట్టుబట్టేవారు 'రాష్ట్రపాలుడు' అనవచ్చునేమో. వ్యాకరణం అడ్డురాదు. కానీ వినేవారికి 'పాలకుడు' స్ఫురించి ముఖ్యమంత్రి అనుకునే ప్రమాదం ఉంది. నేనైతే గవర్నరు అనే రాస్తాను.