మిరియాల నుంచి వచ్చిన పసుపు ముద్దంతా పైపెరిన్ కాదు

మీరు నల్లగొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తూ రెండు సంగతులు అడిగారు. పది గ్రాముల మిరియాల పొడిని ఆల్కహాల్‌లో మరిగించి ఇగిరిస్తే 1.3 గ్రాముల జిగట ముద్ద వచ్చింది కాబట్టి మిరియాలకు ఘాటునిచ్చే పైపెరిన్ 13 శాతం అని రాయవచ్చా అన్నది మొదటిది. అదే పొడిని పాఠ్యపుస్తకంలోని ఆమ్ల-క్షార పద్ధతిలో చేస్తే ఆమ్లపు పొరలో ఏమీ కనబడలేదు, కిరాణా కొట్టువాడు నకిలీ మిరియాలు అంటగట్టాడా అన్నది రెండోది.

13 శాతం అని రాయకండి. కొట్టువాడితో గొడవకూ అప్పుడే దిగకండి. మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కళాశాలలో పదిహేనేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఈ రెండు పొరపాట్లూ నేను చేసినవే. అదీ చదువుకునే రోజుల్లో కాదు, పాఠం చెబుతూ, పిల్లలందరి ముందు.

రెండో ప్రశ్నే ముందు చూద్దాం. ఆల్కలాయిడ్ అంటే నత్రజని ఉన్న క్షారమని, సజల ఆమ్లంలో లవణమై నీళ్లలోకి దిగుతుందని, అమ్మోనియా కలిపితే విడివడి క్లోరోఫామ్‌లోకి ఎక్కుతుందని మనం బట్టీ పట్టి ఉంటాం. అడ్డసరం ఆకులోని వాసిసిన్‌కు ఇది చక్కగా పనిచేస్తుంది. పైపెరిన్‌కు పనిచేయదు. దానిలో నత్రజని ఉన్నా, దాన్ని ఆనుకుని కార్బొనిల్ (కార్బన్, ఆక్సిజన్‌ల ద్విబంధం) ఉంది. అంటే అది అమైడ్. నత్రజని దగ్గరున్న ఎలక్ట్రాన్ల జంట అటువైపు లాగబడి ఉంటుంది కాబట్టి ఆమ్లం ఇచ్చే ప్రోటాన్‌ను పట్టుకునే ఓపిక దానికి లేదు. పేరుకు ఆల్కలాయిడ్, గుణానికి దాదాపు తటస్థం. ఆ రోజు సెపరేటింగ్ ఫన్నెల్‌ను చేతులు నొప్పి పుట్టేదాకా ఊపాను. ఆల్కలాయిడ్ ఉంటే తెల్లటి మడ్డి చూపే మేయర్ కారకం చుక్కలు ఆమ్లపు పొరలో వేస్తే తేటగానే ఉండిపోయింది. విసుగుతో క్లోరోఫామ్ పొరను వ్యర్థాల సీసాలో పోయబోతుంటే వెనక వరుసలోని అమ్మాయి, "సార్, ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగింది. వెతుకుతున్నదంతా ఆ పసుపులోనే ఉంది. మీరు క్లోరోఫామ్ పొరను పారబోయకుండా ఉంటే మీ సరుకు కూడా అందులోనే దొరుకుతుంది.

మిరియాలకు నేను ఇప్పుడు చేసే పద్ధతి పాతదే. మెత్తగా దంచిన పొడిని సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావణి మళ్లీ మళ్లీ పొడి గుండా జారే గాజు పరికరం) పెట్టి 95 శాతం ఆల్కహాల్‌తో తీస్తాను. ఇన్ని గంటలు అని గడియారం చూడను. పొడి నుంచి కిందికి జారే ద్రవం రంగు పోయేదాకా తీస్తాను. మంట దగ్గరికి రానివ్వను, నీటి తొట్టి మీదనో హీటింగ్ మాంటిల్ మీదనో పెడతాను. తర్వాత ద్రావణాన్ని కొద్దిగా మిగిలేదాకా ఇగిర్చి, ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్‌ను చల్లగా ఉన్నప్పుడే కలుపుతాను. జిగటకు కారణమైన రెజిన్ ఆమ్లాలు లవణాలై అడుగున పేరుకుంటాయి. పైతేటను వేరే పాత్రలోకి వంచి, స్వేదనజలం చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒక చోట ద్రవం మసకబారుతుంది. అక్కడ ఆగాలి. ఆత్రపడి నీళ్లు గుమ్మరిస్తే నూనెలా ముద్దకట్టి కూర్చుంటుంది, మళ్లీ మొదటికి రావాలి. మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు గాజు గోడలకు లేత పసుపు సూదులు మొలిచి ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా ఆ ఉదయం నాకు విసుగు పుట్టదు. 1819లో దీన్ని మొదట వేరుచేసింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్. మరుసటి ఏడాది విద్యుత్తు పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూసినదీ ఆయనే.

మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది నీళ్ల సంగతి. ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. ద్రావణిగా వాడే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్‌ను ఆ నీళ్లతో నడిపితే సగం ద్రావణి గదిలోకి పోతుంది, తలనొప్పి మనకు మిగులుతుంది. చేపల తొట్టెలో వాడే చిన్న పంపును మంచుగడ్డలు వేసిన బకెట్‌లో దించి అదే నీటిని తిప్పుతుంటాను. పైగా బోరు నీళ్లు కండెన్సర్ లోపల తెల్లటి పొర కడతాయి, నెలకోసారి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. ద్రావణాలకు మాత్రం బోరు నీళ్లు వద్దు.

ఇక మీ 13 శాతం. ఆ ముద్దలో పైపెరిన్‌తో పాటు రెజిన్, సుగంధ తైలం, కొవ్వు, ఇంకా పోని ఆల్కహాల్ ఉన్నాయి. నల్ల మిరియాల్లో పైపెరిన్ సాధారణంగా నూటికి అయిదు నుంచి తొమ్మిది దాకా ఉంటుంది. నేనూ మొదటిసారి ఇలాగే తూచి, బోర్డు మీద పెద్ద అంకె వేసి మురిసిపోయాను. తర్వాత స్ఫటికాలు చేస్తే పది గ్రాములకు 0.34 గ్రాములు మిగిలాయి. అవి కూడా 119 దగ్గరే కరగడం మొదలుపెట్టాయి. శుద్ధమైన పైపెరిన్ 128 నుంచి 130 డిగ్రీల మధ్య కరగాలి. ముందే మెత్తబడి, సాగదీస్తూ కరిగిందంటే మలినం ఉన్నట్టే. వేడి ఆల్కహాల్‌లో మరోసారి కరిగించి చల్లార్చాక 128 చూపించింది.

అలాగని 3.4 శాతం కూడా జవాబు కాదు. చేతికి వచ్చినది వేరు, మిరియంలో ఉన్నది వేరు. వడపోత కాగితానికి అంటుకున్నది, తల్లి ద్రావణంలో (స్ఫటికాలు తీసేశాక ఉండే ద్రవం) మిగిలినది లెక్కలోకి రాలేదు. ఉన్నదెంతో తెలియాలంటే స్ఫటికాలు చేయకుండానే కొలవాలి. పైపెరిన్ 342 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీలుస్తుంది. అర గ్రాము పొడిని పూర్తిగా తీసి ఆల్కహాల్‌తో 100 మిల్లీలీటర్లకు చేర్చండి, అందులో ఒక మిల్లీలీటరు తీసి 50కి పలుచన చేయండి. అయిదు శాతం మిరియాలైతే మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉంటుంది, ద్రావణం ఎంత కాంతిని పీల్చిందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రీడింగు 0.6 ప్రాంతంలో వస్తుంది. శుద్ధ పైపెరిన్‌ను నాలుగైదు గాఢతల్లో కొలిచి, ఆ రీడింగులతో గ్రాఫు గీత గీసి దానితో పోల్చండి. అదే పొడికి నాకు 5.1 శాతం వచ్చింది. మిరియంలోని పైపెరిన్ దాయాదులు కొన్ని కూడా ఆ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీలుస్తాయి కాబట్టి ఇది కాస్త ఎక్కువే చూపిస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే అవి విడిపోతాయి.

ఒక జాగ్రత్త నాకు ఎవరూ చెప్పలేదు. పలుచని ద్రావణాలున్న ఫ్లాస్కులను కిటికీ పక్కన పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి కొలిస్తే పొద్దున 0.61 చూపిన ఫ్లాస్కు 0.44కి దిగింది. పరికరం పాడైందని మెకానిక్‌ను పిలిపించాం కూడా. తప్పు ఎండది. వెలుతురు తగిలితే పైపెరిన్‌లోని ద్విబంధాలు మలుపు తిరిగి వేరే ఐసోమర్లు (అవే అణువులు, అమరిక వేరు) అవుతాయి, అవి 342 దగ్గర తక్కువ పీలుస్తాయి. ఫ్లాస్కులకు అల్యూమినియం రేకు చుట్టండి, చేసిన పూటే కొలవండి.

మిరియాల మీద అనుమానం ఇంకా పోకపోతే గ్లాసుడు నీళ్లలో వేయండి. బొప్పాయి గింజలు కలిపి ఉంటే అవి తేలతాయి, గట్టి మిరియాలు మునుగుతాయి. సన్నపొర క్రొమటోగ్రఫీలో (పూత పూసిన పలక మీద ద్రావణిని పైకి పాకించి పదార్థాలను విడదీసే పద్ధతి) టాల్యూన్, ఇథైల్ అసిటేట్ 7:3 నిష్పత్తిలో నడిపి, శుద్ధ పైపెరిన్ చుక్క పక్కనే మీ చుక్క పెట్టి, 366 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద చూడండి. నీలంగా మెరిసే మచ్చలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఆల్కలాయిడ్లను పట్టే డ్రాగెన్‌డార్ఫ్ కారకం ఇచ్చే నారింజ రంగు ఒక్కటే చూసి నమ్మవద్దు, ఆల్కలాయిడ్లు కానివి కొన్ని కూడా ఆ రంగునిస్తాయి. మేయర్ కారకంలో పాదరసం ఉంటుంది, దాన్ని సింకులో పోయకండి.

ప్రాజెక్టు పుస్తకంలో మూడు అంకెలూ విడివిడిగా రాయండి: ముద్ద బరువు, స్ఫటికాల బరువు, 342 దగ్గర వచ్చిన శాతం. పొడిని ఆరబెట్టి తూచారా, తేమతోనే తూచారా అన్నది పక్కనే ఉండాలి. 1.3 గ్రాముల ముద్ద ఇంకా ఉంటే రేకు చుట్టి దాచండి, దానిలో కొంత తూచి ఆల్కహాల్‌లో కరిగించి కొలిస్తే అసలు పైపెరిన్ ఎంతో ఒక పూటలో తేలుతుంది.