టిప్పర్ సంగతి తర్వాత, ఎనిమిది నెలల ఇంటి ఖర్చు ఎక్కడుంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది చంద్రపూర్ జిల్లా రాజురా. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు బావి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను గడ్‌చాందూర్ దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఠేకేదార్ (కాంట్రాక్టర్) కింద 17 ఏళ్లుగా పని చేస్తున్నాను. చేతికి 16,800 వస్తుంది. పీఎఫ్ 2.4 లక్షలు, పత్‌సంస్థలో (సహకార పరపతి సంఘం) 30 వేల డిపాజిట్, 5 తులాల బంగారం ఉన్నాయి. నెలకు 2 వేల భిషీ (చిట్టీ) కడుతున్నాను, ఇంకో ఏడు నెలలకు నా వంతు, 40 వేలు వస్తాయి. మా ఆవిడ పేరు మీద గ్రూపు లోను నెలకు 2,900, ఇంకా 11 కిస్తీలు ఉన్నాయి. ఆమెకు సర్కారు లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 వస్తుంది, జాకెట్లు కుట్టి ఇంకో రెండు వేలు తెస్తుంది. కొడుకుకి 22, ఐటీఐ డీజిల్ మెకానిక్, ఖాళీగా ఉన్నాడు. మా బావమరిది హైవా (పెద్ద టిప్పర్) గడ్‌చిరోలి జిల్లా సూర్జాగఢ్ ఇనుప ఖనిజం లైన్‌లో నడుస్తోంది, ఆ పక్క పనులు బాగా పెరిగాయంటున్నాడు. సెకండ్ హ్యాండ్ టిప్పర్ 16 లక్షలకు బేరం కుదిరింది. పని మానేసి పీఎఫ్ తీసుకుని, బంగారం కుదువ పెట్టి 4 లక్షలు కడతాను. మిగతా 12 లక్షలకు ఫైనాన్స్ వాళ్లు 10 శాతం వడ్డీ చెప్పారు, నెలకు 35 వేలు, 48 నెలలు. ఫైనాన్స్ మంచిదా, పత్‌సంస్థ లోను మంచిదా?

జవాబు: అన్నా, రెండూ వద్దు. మీ ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివాను. అందులో లోను ఉంది, లోను మీద లోను ఉంది, బంగారం కుదువ ఉంది. రేపు ఫ్యాక్టరీ గేటు మూస్తే ఇంట్లో పొయ్యి దేనితో వెలుగుతుందో ఒక్క ముక్క లేదు. ఇదే ప్రశ్న కాస్త అటూ ఇటూగా సిరొంచ నుంచి, అహేరి నుంచి, బల్లార్షా నుంచి కూడా వచ్చింది, అందుకే మీకు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. అందరూ చేస్తున్న తప్పు ఒక్కటే. మన ప్రాంతానికి పనులు వచ్చాయి కాబట్టి నాకూ పని వచ్చినట్టే అనుకోవడం.

పనులు వచ్చాయి, కాదనను. ఏ వయసు వాడికి, ఏ చేతిపనికి వచ్చాయన్నది చూడాలి కదా. మీ నాన్న సంగతే తీసుకోండి. ఆయన కాలంలో బావిలో ఒక్కడికి పర్మనెంట్ ఉద్యోగం ఉంటే ఇంటిల్లిపాదీ బతికేవారు, క్వార్టర్, ఆసుపత్రి, 60 ఏళ్ల దాకా జీతం. ఇప్పుడు అదే బొగ్గును చూడండి. 2009-10లో కోల్ ఇండియా మొత్తం మీద 43 కోట్ల టన్నుల పైచిలుకు బొగ్గు తీసింది, అప్పుడు ఉద్యోగులు దాదాపు 4 లక్షలు. 2023-24లో 77 కోట్ల టన్నులు దాటింది, ఉద్యోగులేమో 2.3 లక్షల దరిదాపుకు దిగారు. బొగ్గు దాదాపు రెట్టింపు, మనుషులు సగానికి దగ్గర. మీ ఊరి పక్కన సాస్తి, పౌనీ ఓపెన్‌కాస్ట్‌ల మీద నిలబడి చూస్తే ఈ లెక్క కళ్లకే కనిపిస్తుంది, మట్టి తీసేది ఠేకేదార్ మిషన్లే.

మీ సిమెంట్ లైన్ కూడా అంతే. దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో ఠేకా మీద ఉన్నవాళ్లు 2000 ప్రాంతంలో నూటికి 20 మంది, 2022-23 పరిశ్రమల సర్వేలో 40 దాటారు. ఇక్కడ యాజమాన్యాలు కూడా మారుతూ వచ్చాయి. మాణిక్‌గఢ్ సిమెంట్ 2019లో అల్ట్రాటెక్ చేతికి పోయింది, 2022లో అంబుజా, ఏసీసీ రెండూ అదానీ కిందికి వెళ్లాయి. పెద్దవాళ్లు కొనుక్కుంటారు, అమ్ముకుంటారు, అది వాళ్ల వ్యాపారం. ఠేకేదార్ మారినప్పుడల్లా కొత్త గేట్ పాస్ కోసం లైన్‌లో నిలబడేది మాత్రం మీరే. 17 ఏళ్లు ఒకే చోట పని చేసిన మనిషి పీఎఫ్ 2.4 లక్షలే ఉందంటే మధ్యలో ఎన్నిసార్లు ఖాతా మారిందో, ఎన్ని నెలలు జమ కాలేదో నాకు అనుమానం. పాత మెంబర్ ఐడీలన్నీ మీ యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే ఒకే నంబరు) కలిశాయో లేదో ఈ వారమే చూసుకోండి.

వయసు లెక్క దగ్గరే చాలామంది మోసపోతున్నారు. 2023-24 కేంద్ర కార్మిక సర్వేలో మొత్తం నిరుద్యోగం 3.2 శాతం, 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 10.2 శాతం. అంటే ఖాళీగా ఉన్నది మీ కొడుకు వయసు పిల్లలు, మీ వయసు వాళ్లకి ఢోకా లేదు అనిపిస్తుంది. అది నిజం కాదన్నా. పిల్లవాడు ఖాళీగా ఉండగలుగుతున్నది మీరు అన్నం పెడుతున్నారు కాబట్టి. 46 ఏళ్ల మనిషి ఖాళీగా కూర్చోలేడు, దొరికిందల్లా చేస్తాడు, సెక్యూరిటీ గార్డుగా పోతాడు, అడ్డా మీద నిలబడతాడు, పత్తి ఏరడానికైనా వెళ్తాడు. ఆ సర్వేలో ఏడాదికి ముప్పై రోజులు పని చేసినవాడు కూడా పనివాడి కిందే లెక్క. ఉద్యోగం పోయిన సంగతి లెక్కలో కనిపించదు, 16,800 జీతం 8 వేలకు పడిపోయిందన్నది ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది. సర్కారీ పథకాలు చూసినా అదే వరస, ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ్ పథకానికి 35 ఏళ్లు దాటితే అర్హత లేదు. మళ్లీ పనిలో చేర్చుకునే వాళ్లు మొదట అడిగేది వయసే.

ఇక సూర్జాగఢ్. మీ బావమరిది అబద్ధం చెప్పడు, ఆయన మంచి రోజుల లెక్క చెప్తున్నాడు. 2016 డిసెంబరులో అదే లైన్‌లో ఒక్కరోజున 80 దాకా లారీలు మావోయిస్టులు తగలబెట్టారు. 2019 జనవరిలో ఖనిజం లారీ బస్సును గుద్దిన తర్వాత పని ఆగిపోయి మళ్లీ 2021లో గానీ మొదలు కాలేదు. రెండేళ్ల పైమాట. ఆ రెండేళ్లు కిస్తీ ఆగిందా? ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, గొడవలు తగ్గాయి, సరే. కానీ 2025లో గని పక్కన హేడ్రి నుంచి కోన్‌సరి ఫ్యాక్టరీ దాకా 85 కిలోమీటర్ల గొట్టం కూడా వేశారు, ఖనిజం పొడి నీళ్లలో కలిసి ఆ గొట్టంలోనే పోతుంది. గొట్టంలో ఎంత పోతే రోడ్డు మీద లారీకి అంత తగ్గుతుంది. గని పెరుగుతుంది, ఉత్పత్తి పెరుగుతుంది, టన్నులు పెరుగుతాయి. సెకండ్ హ్యాండ్ టిప్పర్ ట్రిప్పులు పెరుగుతాయని మీకు ఎవరు రాసిచ్చారు? పైగా వానాకాలం ఉండనే ఉంది, ఆలపల్లి రోడ్డు సంగతి నేను మీకు చెప్పాలా.

వడ్డీ 10 శాతం అన్నారు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 35 వేలు 48 నెలలు కడితే 16.8 లక్షలు. మీరు అసలు నెలనెలా తీరుస్తున్నా వాళ్లు మొదటి రోజు 12 లక్షల మీదే నాలుగేళ్లూ వడ్డీ వేస్తున్నారు. నిజంగా లెక్క కడితే అది పదిహేడున్నర శాతం పడుతుంది. దాని మీద డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్, పర్మిట్, పది టైర్లు. మీ అబ్బాయికి హెవీ లైసెన్స్ ఉందని మీరు రాయలేదు, లేకపోతే తొలి రోజు నుంచి డ్రైవర్‌కు జీతం ఇవ్వాలి. గేర్‌బాక్స్ పోయి ఒక నెల బండి ఆగిందనుకోండి, 35 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? బంగారం అప్పటికే కుదువలో ఉంది, పీఎఫ్ అయిపోయింది, జీతం లేదు. మూడు కిస్తీలు తప్పితే బండి తీసుకుపోతారు, మీ 4 లక్షలూ దానితోనే పోతాయి. ఇలాంటివి నా దగ్గరికి ఏడాదికి నాలుగైదు వస్తాయి, అన్నీ బండి పోయాకే వస్తాయి. పత్‌సంస్థ లోను గురించి మాట్లాడటం కూడా దండగ.

పని మానేస్తే ఇంకేం పోతాయో మీరు లెక్క వేయలేదు. మీ జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్ఐ ఉండాలి, అది కొన్నాళ్లకు పోతుంది. ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏమైనా అయితే పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా, 7 లక్షల వరకు ఉండేది, అదీ పోతుంది. ఇంకోటి, ఇంటి పేరు మీద ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల బండి ఉంటే లాడ్కీ బహీణ్‌కు అర్హత ఉండదు, మీ ఆవిడ 1,500 కూడా టిప్పర్ కిందే పడుతుంది.

ఇప్పుడు నా పాత పాట. విసుక్కోకండి. నా చిన్నప్పుడు మా నాన్న పని చేసే మిల్లులో ఐదు నెలలు జీతాలు ఆగాయి, మిల్లు పేరు ఎందుకులే. మొదటి నెల కిరాణా కొట్టు అరువు, రెండో నెల సావుకారు, మూడో నెల అమ్మ పుస్తెలు. జీతాలు మళ్లీ మొదలయ్యాక ఆ ఐదు నెలల అప్పు తీరడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే బల్లార్షాలో రైలెక్కితే వచ్చే కాగజ్‌నగర్. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగితే మళ్లీ నడిచింది 2018లో. అటు ములుగు జిల్లా కమలాపురం రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ కూడా 2014లోనే మూతపడింది. వేలమంది, అందులో నలభై దాటిన వాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు, కుర్రాళ్లు హైదరాబాద్ పోయి ఏదో ఒకటి చూసుకున్నారు. చేతిలో పది నెలల ఖర్చు ఉన్నవాడు నిదానంగా ఇంకో పని వెతుక్కున్నాడు, లేనివాడు మొదటి నెలలోనే ఇల్లు తాకట్టు పెట్టాడు.

అందరికీ మూడు నెలలు అంటారు, ఆరు నెలలు అంటారు. ఠేకా మీద ఉండి 45 దాటినవాడికి నేను ఎనిమిదికి తగ్గించను. మీ ఇంటి ఖర్చు, గ్రూపు లోను కలిపి నెలకు 15 వేలు అనుకుందాం, ఎనిమిది నెలలకు 1.2 లక్షలు. భయపడాల్సిన అంకె కాదిది. పత్‌సంస్థలో ఉన్న 30 వేలు తీసి బ్యాంకులో వేయండి, బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, పత్‌సంస్థకు ఆ బీమా వర్తించదు, ఈ జిల్లాలో ఇంతమంది ఇది తెలియకుండానే వేస్తున్నారు. ఏడో నెల భిషీ 40 వేలు చేతికి రాగానే సాయంత్రానికల్లా అదే ఖాతాలోకి పోవాలి, పెళ్లిళ్లకీ టీవీలకీ కాదు. ఆవిడ 1,500, కుట్టుపని నుంచి ఇంకో 1,500, నెలకు 3 వేలు. పద్నాలుగు నెలల్లో మొత్తం 1.12 లక్షలు, మధ్యలో దీపావళి బోనస్ కలిస్తే అంకె నిండుతుంది. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌లో యూపీఐకి కలపకండి, పాస్‌బుక్ ఆవిడ దగ్గర ఉండనివ్వండి. బావమరిదికి ఆ ఖాతా ఉందన్న సంగతే తెలియక్కర్లేదు, నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. గ్రూపు లోను 11 కిస్తీలు తీరాక వాళ్లు ఇంటికి వచ్చి ఇంకా పెద్దది ఇస్తామంటారు. వద్దనండి. బంగారం బీరువాలోనే ఉండాలి, అది ఎనిమిది నెలలూ దాటాక తీసే వస్తువు.

పీఎఫ్ ముట్టుకోవద్దు. ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా రెండూ లేకపోతే రేపే బ్యాంకుకు వెళ్లి చేయండి, 436ది 50 ఏళ్లు దాటితే ఇవ్వరు. సిప్‌లూ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేవి) అవీ ఆ 1.2 లక్షలు నిండాక మాట్లాడదాం.

అబ్బాయి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, నిజానికి మీ ఇంట్లో ఈ కొత్త పనులకు సరిపోయే వయసు, చేతిపని రెండూ ఉన్నది వాడికే. డీజిల్ మెకానిక్ అన్నా! ఆ లైన్‌లో నడిచే హైవాలన్నీ ఎక్కడో ఒకచోట రిపేరుకు ఆగాలి కదా. ఘుగూస్‌లోనో చంద్రపూర్‌లోనో పెద్ద బండ్ల వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా పెట్టండి, లేదంటే నేను పైన చెప్పిన యువ ప్రశిక్షణ్‌లో ఐటీఐ వాళ్లకు నెలకు 8 వేలు ఇస్తారు, ఖాళీలు ఉన్నాయేమో జిల్లా ఉపాధి ఆఫీసులో కనుక్కోమనండి. రెండేళ్లు ఇంజన్ విప్పి బిగించాక వాడే చెప్తాడు ఏ టిప్పర్ కొనచ్చో ఏది కొనకూడదో.

చివరగా ఒకటి అడగాలి. బేరం కుదిరింది అని రాశారు, టోకెన్ డబ్బులు ఏమైనా ఇచ్చారా? ఇస్తే ఎంత ఇచ్చారో, కాగితం మీద రాసుకున్నారో నోటి మాటేనో, బండి ఆర్‌సీలో పాత ఫైనాన్స్ పేరు ఇంకా ఉందో లేదో చూసి వెంటనే రాయండి, దాన్నిబట్టి ఆ డబ్బు వెనక్కి ఎలా అడగాలో చెప్తాను. ఫైనాన్స్ వాళ్ల ఖాళీ కాగితాల మీద గానీ, ఖాళీ చెక్కుల మీద గానీ అప్పటిదాకా సంతకం పెట్టకండి.