అడగండి చెప్తా: గెలిచే టీమ్ కోర్టులో ఈ సైలెన్స్ ఏంది?

ప్రశ్న: అన్నా, మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ పోయినేడు మా కోర్టులో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలే. అంతకుముందు రెండేళ్లు గెలిచిందే తక్కువ, అయినా అప్పుడు డప్పులు, విజిళ్లతో ఒకటే గోల. ఇప్పుడు జనం డబుల్ వస్తా ఉండారు గానీ చప్పుడే లేదు, ఆరు పాయింట్లు వెనకబడితే చాలు మావాళ్లే "దండగ టీమ్" అంటా ఉండారు. ఏంటికిట్ల?
- ఒక స్టూడెంట్, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ఇది మీ ఒక్క కాలేజీ రోగం కాదులే. ఓడిపోయే టీమ్‌ని చూసేదానికి వచ్చినోడు ఏమీ ఆశ పెట్టుకోకుండా వస్తాడు, ఒక్క బాస్కెట్ పడినా వాడికి జాతరే. గెలిచే టీమ్ దగ్గరికి వచ్చినోడు గెలుపుని ముందే జేబులో వేసుకొని వస్తాడు, ఇరవై పాయింట్లతో గెలిస్తే "సర్లే" అంటాడు, రెండు పాయింట్లతో గెలిస్తే మొహం మాడ్చుకుంటాడు, ఇంక అరిచేది ఎప్పుడు?

అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీది పేరుమోసిన టీమ్, 1986లో తెరిచిన వాళ్ల హాల్లో 21 వేల పైచిలుకు పడతారు. 1991లో ఫ్లోరిడా స్టేట్ ఆటగాడు శామ్ కాసెల్ అక్కడ గెలిచి, వీళ్లు వైన్, చీజ్ జనం అనేసినాడు. మన లెక్కలో కాలు మీద కాలేసుకొని కాఫీ, మిక్చర్ లాగించే బ్యాచ్ అన్నమాట. ముందు వరుసలు డొనేషన్లు ఇచ్చిన పెద్దమనుషులవి మరి.

మనకి తిరుపతి, చంద్రగిరి ఎట్లనో వాళ్లకి పక్కనే డ్యూక్ యూనివర్సిటీ. హాలు 1940 నాటిది, 9,314 మందే పడతారు. ఆశలు తక్కువా అంటే కాదు, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అయిదుసార్లు ఛాంపియన్లు. కానీ కోర్టు పక్కన నిలబడేది స్టూడెంట్లు, నార్త్ కరోలినాతో మ్యాచ్ కోసం వారాల తరబడి బయట టెంట్లేసుకొని కాచుకొని లోపలికి వచ్చినోళ్లు, అట్లాంటోడు నోరు మూసుకొని కూర్చుంటాడా చెప్పు. అమెరికాలోనే కాన్సాస్ యూనివర్సిటీలో అయితే ఎదుటి టీమ్ ఆటగాళ్ల పేర్లు పిలిచేటప్పుడు స్టూడెంట్లు పేపర్ అడ్డం పెట్టుకొని చదువుకుంటా ఉన్నట్టు నటిస్తారు, తర్వాత అదే పేపర్ని చించి గాల్లోకి ఎగరేస్తారు. 2017లో ఆ హాల్లో చప్పుడు 130.4 డెసిబెల్స్ అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అక్కడ టీమ్ గెలవాల అనే ఆశ ఎంతుందో, మనం అరవాల అనే ఆశ కూడా అంతే ఉంటాది, మీ దగ్గర రెండోది తగ్గిపోయింది.

నేనొకసారి మన ఊర్లోనే ఇంటర్ కాలేజీ మ్యాచ్ చూసినా. హోమ్ టీమ్ పిల్లోడు ఫస్ట్ ఫ్రీ త్రో (ఫౌల్ అయినాక ఎవురూ అడ్డం రాకుండా వేసే బాల్) మిస్ చేసినాడు, స్టాండంతా ఒకేసారి "అబ్బా..." అనింది. రెండోది వేసేముందు వాడు రింగు వైపు కాదు, మా వైపు చూసినాడు. ఆ బాల్ రింగుకి కూడా తగల్లే. తిట్టినా అంత బాధపడుండడు, నేనూ ఆ "అబ్బా"లో ఉన్నా కాబట్టి చెప్తా ఉండా.

మీ టీమ్‌ని ఇంకా బాగా ఆడమని చెప్పేది కోచ్ పని, నువ్వు స్టాండ్ సంగతి చూడు. మనోడు ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎవురూ కిక్కురుమనకూడదు, మిస్ అయినా చప్పట్లే. ఎదుటోళ్ల చేతిలో బాల్ ఉంటే డప్పు ఆగకూడదు. ముందు రెండు వరుసలు హాస్టల్ పిల్లోళ్లకి ఇప్పించు, ఫస్ట్ క్వార్టర్ అయ్యేదాకా ఒక్కడినీ కూర్చోనీయొద్దు. మిక్చర్ పొట్లాలు హాఫ్ టైమ్‌లోనే విప్పాల.