ఆ ఫుట్‌నోట్ తీసెయ్ తల్లీ

కందుకూరు

అమ్మాయీ,

నీ కథ అందింది. కావలి స్టేషన్లో కూతురి బ్యాగు చేతిలోంచి వదలకుండా నాన్న రైలుతో పాటు నాలుగడుగులు నడిచే చోటు బాగా రాశావు. ఇక మిగతాదంతా పోట్లాటే, నిమ్మళంగా చదువుకో.

ఐదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘రెపో: కోడ్ దాచే గోడౌన్’ అని ఫుట్‌నోట్ పెట్టావు. నాకు చిరాకెత్తింది అక్కడే. అది ఎవరికోసం? తెలిసినవాడికి అక్కర్లేదు. తెలియనివాడికి తప్పు దారి చూపిస్తుంది. నీ కథ కూలింది కూడా ఆ గోడౌన్ వల్లే.

నీ హీరోయిన్ మేనేజర్ మీద కోపంతో, ఉద్యోగం మానేసే ముందు రోజు రాత్రి, సర్వర్లో ఉన్న రెపో డిలీట్ చేస్తుంది. తెల్లారేసరికి టీమ్ కష్టమంతా మాయం, ఆఫీసంతా గగ్గోలు. మా మేనల్లుడు హైదరాబాదులో మీ సాఫ్ట్‌వేర్ పనే చేస్తాడు. ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. కోడ్‌లో ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచడానికి మీరు వాడే గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ పని కోసం తయారుచేశాడట. అందులో ఎవరు క్లోన్ చేసుకున్నా, అంటే నకలు దించుకున్నా, వాళ్ల మెషీన్లోకి కోడ్‌తో పాటు మొదట్నుంచీ జరిగిన మార్పుల చరిత్ర కూడా వచ్చేస్తుందట. సర్వర్లోది పోతే ఎవరో ఒకరి ల్యాప్‌టాప్ నుంచి మళ్లీ పుష్ చేసి సర్వర్లోకి ఎక్కించుకుంటారు. ఎవరూ ఇంకా దించుకోని మార్పులు ఒకటో రెండో పోతే పోతాయి, అంతే. గోడౌన్ తగలబడితే సరుకు పోతుంది, రెపో అలా పోదు.

రోజూ ఆ పనితోనే అన్నం తింటున్నదానివి, ఇది నీకు తెలియక కాదు. పాఠకుడికి అర్థం చెప్పాలన్న ఆత్రంలో పడి, ఆ వస్తువు ఏం చేస్తుందో మర్చిపోయావు. పొద్దున తొమ్మిదింటికి మొన్న చేరిన కుర్రాడొకడు టీ చల్లారేలోపు తన ల్యాప్‌టాప్ నుంచి అంతా మళ్లీ ఎక్కించేస్తాడు. ఈమె కోపాన్ని ఎవరూ సరిగా గమనించను కూడా గమనించరు. అదమ్మా కథ! అప్పుడు రెపో అంటే ఏంటో చదివినవాడికి తనంతట తనకే తెలుస్తుంది.

రెండో తగువు ఫోన్ సీను గురించి. రిపాజిటరీ అనే బారు మాటను తుంచి రెపో చేసుకున్నది పొద్దస్తమానం దాన్ని నోట పలకాల్సినవాళ్లు. ఆ తుంపు వాళ్లలో వాళ్లకే చెల్లుతుంది. మా బ్యాంకుల వాళ్లదీ అదే వరస. ప్రభుత్వ బాండ్లు రిజర్వు బ్యాంకుకిచ్చి, మళ్లీ మేమే కొనుక్కుంటామని ఒప్పుకొని, కొద్ది రోజులకు డబ్బు తెచ్చుకోవడం రీపర్చేజ్ అగ్రిమెంట్. దాన్నీ తుంచి రెపో అన్నారు, ఆ డబ్బుకు రిజర్వు బ్యాంకు వేసే వడ్డీ రెపో రేటు. అమెరికాలో వాయిదాలు కట్టనివాడి కారు లాక్కుపోతే అదీ రెపోనే, రిపొజెషన్‌కు తుంపు. మనవైపు బండి సీజ్ చేశారంటాం. మూడు వేరువేరు మాటలు, మిగిలిన ముక్క ఒకటే. ఎవరు ఎవరితో అన్నారో తెలిస్తేగాని అర్థం తేలదు.

నీ హీరోయిన్ కావలికి ఫోన్ చేసి ‘రెపో తీసేశాను నాన్నా’ అంటే, ఆయన ‘ఎంత పని చేశావమ్మా’ అంటాడు. ఎలా అంటాడు? ఆయన ఇంటి లోను కడుతున్నాడని మూడో పేజీలో రాసింది నువ్వే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతుండే) ఇంటి లోన్లు ఎక్కువగా రెపో రేటుకే ముడిపడ్డాయి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న ఆ రేటు 2023 ఫిబ్రవరికి 6.5కు ఎక్కింది. బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణని, ‘కిస్తీ పెరిగిందేంటి సార్, గడువు సాగిందేంటి సార్’ అంటూ మా వీధి వీధంతా నా అరుగు మీదే కూర్చునేది. అలాంటి మనిషి చెవిన రెపో పడితే ‘తగ్గించారా? ఎంతమ్మా?’ అని ఉత్సాహపడాలి. అవతల కూతురు ఏడుస్తుంటుంది. ఇంత మంచి సీను చేతికొచ్చి జారిపోయింది కదా!

పొగాకు మీద నేను రాసిన కథకు ఒక సంపాదకుడు పట్టించిన గతి చెప్తాను. మా వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. ఏ బేలుకైనా ఎవరూ ధర పాడకపోతే అది ‘నో బిడ్’. రైతు దాన్ని మళ్లీ బండెక్కించుకొని ఇంటికి పోవాలి, బాడుగ దండగ. నా కథలో రైతు గడపలోకొచ్చి పెళ్లాంతో ‘నో బిడ్’ అని ఒక్క మాటని కాళ్లు కడుక్కుంటాడు. ఆమె ఏమీ అడక్కుండా బేలు దించడానికి చోటు సర్దుతుంది. ఆ సంపాదకుడు దాన్ని ‘తిరస్కృతం’ అని మార్చి అచ్చేశాడు. ఏ రైతు పెళ్లాంతో తిరస్కృతం అంటాడమ్మా? ఉత్తరం రాస్తే, ‘విశాఖపట్నం పాఠకుడికి అర్థం కావద్దా’ అని జవాబొచ్చింది. విశాఖవాళ్ల బుర్ర మీద ఆయనకంత చులకన. ఆ పత్రిక మూతపడేదాకా దానికి మళ్లీ కథ పంపలేదు నేను.

ఇప్పటివాళ్లది ఇంకో మోజు. యాస కథలు కావాలంటారు, పుస్తకం చివర పదాల పట్టిక మాత్రం ఉండాల్సిందే. బ్యారన్ అంటే పొగాకు కాల్చే కొట్టం అని పట్టికలో చదివినవాడికి, రాత్రంతా మంట చూసుకుంటూ, వేడి ఒక పిసరు ఎక్కువైతే ఆకు రంగు పోతుందని కునుకు తియ్యని మనిషి కనపడతాడా?

క్లోన్, పుష్, మెర్జ్ లాంటివి ఉంచాలా తీసెయ్యాలా అన్నావు. ఆఫీసు సీన్లలో ఒక్కటీ తియ్యకు. ఇంట్లో వద్దు, నాన్న చెవిన తప్పుగా పడేది తప్ప. కలం పేరు, పోటీలు అని ఇంకేవేవో అడిగావు. పోటీల గురించి నాచేత మాట్లాడించొద్దు.

తిరగరాశాక పీడీఎఫ్ పంపకు, ఫోన్లో చదవలేక కళ్లు లాగుతున్నాయి. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పోస్టులో పంపు. ఒకవైపే ముద్రించు, వెనకవైపు నాకు కావాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన